కాల్చవద్దని చెప్పే ఉద్యోగం

వేట అన్న మాట వినగానే తెలుగు సాహిత్యంతో కాస్త పరిచయమున్నవారికి ప్రబంధాలు గుర్తుకు వస్తాయి. మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి వర్ణించిన తిన్నని వేట మనసులో మెదులుతాయి. నాకు మాత్రం జింబాబ్వేలోని బులవాయో నగరంలో మా వంటింటి బల్ల, దానిమీద పరచిన ఒక నోటుపుస్తకం, అందులో సగంలో ఆగిపోయిన ఒక భౌతికశాస్త్రపు లెక్క గుర్తుకు వస్తాయి.

2013లో సంగతి. అప్పటికి కొన్నేళ్ళుగా నేను ఆ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ బ్రతుకుతున్నాను. ఒక సాయంత్రం నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చాడు. పంతొమ్మిదేళ్ళ వాడు, ఎండెబెలె కుటుంబం వాడు. "సార్, తూటా బరువు 19.4 గ్రాములు, వేగం సెకనుకు 770 మీటర్లు. గొట్టం చివర దానికుండే శక్తి చట్టానికి సరిపోతుందా?" అని అడిగాడు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించాము. సుమారు 5,750 జౌళ్ళు వచ్చింది. ఏనుగుకూ, ఆఫ్రికా అడవిదున్నకూ ఆ దేశపు చట్టం కోరే కనీస శక్తి 5.3 కిలోజౌళ్ళు. సరిపోయింది. వాడి ముఖం వెలిగింది. పోలీసు ఉద్యోగానికి చదువుతున్నాడు కాబోలనుకుని, ఏ పరీక్షకని అడిగాను. "ప్రొఫెషనల్ హంటర్ కావాలని" అన్నాడు.

నేను గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాడిని. కోడిని కోస్తుంటే పెరటి గుమ్మం దాటి పారిపోయిన బాల్యం నాది. డబ్బిచ్చి సరదాకి జంతువును చంపేవారికి తోడుపోయే వృత్తిని ఒక శిష్యుడు కోరుకుంటున్నాడంటే మనసు చివుక్కుమంది. మానిపించాలనే ఆ రాత్రి నిశ్చయించుకున్నాను. కాని తరువాతి రెండు నెలల్లో వారానికి మూడు సాయంకాలాలు వాడికి పాఠం చెప్పాను. ఎందుకు మనసు మార్చుకున్నానో, ఇప్పుడు నా అభిప్రాయం ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ముందుగా ఈ వృత్తి సంగతి. పెద్దజంతువుల వేటకు విదేశాలనుంచి వచ్చే క్లయింటు వెంట ఉండి, అడవిలో దారి చూపి, ఏ జంతువును కాల్చవచ్చో నిర్ణయించి, క్లయింటు గురి తప్పి జంతువు గాయపడితే దాన్ని వెంటాడి ముగించి, ఇంతమందినీ ప్రాణాలతో శిబిరానికి చేర్చేవాడు ప్రొఫెషనల్ హంటర్. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో నైరోబి కేంద్రంగా ఇది ఒక వృత్తిగా స్థిరపడింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ వందలాది కూలీలతో అక్కడ చేసిన యాత్ర దానికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. ఆ యాత్రలో తానూ తన కుమారుడూ కలిసి చంపిన జంతువులు 512 అని ఆయనే లెక్క రాసుకున్నాడు. 1934లో నైరోబిలో ఆ వేటగాళ్ళకు ఒక సంఘం కూడా ఏర్పడింది. వృత్తికి లోకం పెట్టిన పేరు మాత్రం "వైట్ హంటర్". ఆ పేరులోనే ఒక గోడ ఉంది. దాని సంగతి తరువాత.

ఆఫ్రికాలో ఈ వృత్తిలోకి ప్రవేశం అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండదు. దక్షిణాఫ్రికాలో గుర్తింపు పొందిన శిక్షణాలయంలో పదిరోజుల తర్ఫీదు, ఆపైన స్థానిక అధికారుల పరీక్ష ఉంటాయి. ప్రమాదకర జంతువుల వేటకు అనుభవాన్ని వేరుగా చూపాలి. జింబాబ్వేలో దారి చాలా పొడుగు. మొదట నాలుగు వ్రాతపరీక్షలు: వన్యప్రాణి చట్టం, జంతువుల అలవాట్లూ ఆవాసాలూ, తుపాకులు, సామాన్య విషయాలు. ప్రథమచికిత్సలో యోగ్యతాపత్రం ఉండాలి. గురి పరీక్ష నెగ్గాలి. ఇవన్నీ దాటితే దొరికేది లెర్నరు లైసెన్సు మాత్రమే. ఆ తరువాత లైసెన్సున్న గురువు దగ్గర కనీసం రెండేళ్ళు, ఆచరణలో అంతకు చాలా ఎక్కువ కాలం, శుశ్రూష చేయాలి. చివరికి అడవిలో దాదాపు వారంపాటు సాగే ప్రయోగపరీక్ష. శిబిరం వెయ్యడం, వంట ఏర్పాట్లు, బండి మరమ్మతు, జాడ తీయడం, జంతువు వయస్సు చెప్పడం, ఏనుగును ఎదుర్కోవడం అన్నిటినీ పరీక్షాధికారులు పక్కనుండి చూస్తారు. నెగ్గేవారు తక్కువ. విచిత్రమేమంటే, కెమెరాలతో వచ్చే యాత్రికులను కాలినడకన అడవిలో తిప్పే గైడుకు కూడా అక్కడ మొదటి మెట్టు ఇదే లైసెన్సు. మదించిన ఏనుగు మీదికి వచ్చినపుడు వెనకనున్న ఆరుగురి ప్రాణాలకు పూచీపడేవాడు కెమెరా మనిషైనా తుపాకి మనిషైనా ఒక్కటే కదా.

శుశ్రూష అన్నానని గురుకులం ఊహించుకోకండి. లెర్నరు చేసే పని పంక్చర్లు వెయ్యడం, డీజిలు పీపాలు దొర్లించడం, తోళ్ళకు ఉప్పు పట్టించడం, క్లయింటుకు చన్నీళ్ళు నచ్చవని తెలుసుకుని తెల్లవారుజామున పొయ్యి రాజేయడం. తుపాకి భుజాన ఉంటుంది గాని ట్రిగ్గరు మీద వేలు పడే రోజులు ఏడాదిలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఎండకాలపు నెలల్లో ఇంటి ముఖం చూడటం ఉండదు. వానలు పడ్డాక జీతం ముఖం చూడటం ఉండదు. సాహసగాథలు చదివి బయలుదేరినవారు మొదటి సీజను దాటకుండానే తిరుగుముఖం పడతారని మావాడు చెప్పేవాడు.

మావాడికి ఇవన్నీ ముందే తెలుసు. వాళ్ళ నాన్న పాతికేళ్ళుగా అదే అడవుల్లో ట్రాకరు; అంటే జాడ తీసే మనిషి. ఒక ఆదివారం ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన ఎండెబెలెలో చెబుతుంటే కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. కుర్చీలోంచి లేచేటపుడు ఆయన కుడికాలిని రెండు చేతులతో పట్టి లేపుకోవడం చూసి, కారణం అడిగాను. ఆయన చెప్పిన కథే నా మనసు మార్చింది.

ఆఫ్రికా అడవిదున్నల్లో పోతుకు రెండు కొమ్ములూ నడినెత్తిన కలిసే చోట, వయస్సు ముదిరేకొద్దీ, గట్టి పెంకు కడుతుంది. ఆ పెంకు పూర్తిగా గట్టిపడనిది ఇంకా మందలో సంతానాన్ని కనే వయస్సులో ఉన్నట్టు లెక్క. మంద వదిలి, ఒంటికి బురద పూసుకుని ఒకటీరెండుగా తిరిగే ముసలి పోతులనే వేటాడాలన్నది ఈ వృత్తిధర్మం. చిక్కేమంటే, కుర్ర పోతు కొమ్ములు ఒక్కోసారి ముసలిదానికంటే విశాలంగా, చూడముచ్చటగా ఉంటాయి. ముసలివాటి కొమ్ముల కొనలు అరిగిపోయి ఉంటాయి. క్లయింటు కన్ను వెడల్పు చూస్తుంది. వేటగాడి కన్ను నడినెత్తి చూడాలి.

ఆ రోజు పదిరోజుల వేటలో ఆఖరి రోజు. క్లయింటుకు ఇంకా దున్న దొరకలేదు. విశాలమైన కొమ్ములున్న కుర్ర పోతు ఒకటి కనబడింది. వేటగాడు రెండుసార్లు వద్దన్నాడు. పొద్దు వాలుతున్నపుడు మూడోసారి అడిగితే తల ఊపాడు. తూటా పొట్టలో తగిలింది. చీకటి పడింది. గాయపడిన జంతువును వదిలి వెళ్ళడం ఆ వృత్తిలో క్షమించరాని దోషం కనుక మరునాడు ఉదయం వేటగాడూ, ట్రాకరూ పొదల్లోకి వెళ్ళారు. క్లయింటు బండిలోనే ఉన్నాడు. గాయపడిన దున్న తాను వచ్చిన దారికే చుట్టు తిరిగి వచ్చి, పక్కన పొంచి ఉండటం కద్దు. ట్రాకరు కళ్ళు నేలమీది జాడమీద ఉంటాయి. అతని చేతిలో తుపాకి ఉండదు. వేటగాడు పేల్చేలోపు కొమ్ము ఆయన తొడలో దిగింది.

"ఆ వేటగాడి మీద మీకు కోపం లేదా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించాడు. "ధైర్యవంతుడు మాస్టారూ. నన్ను భుజాన వేసుకుని బండిదాకా మోశాడు. గురి కూడా మంచిది. వద్దని మూడోసారి చెప్పలేకపోయాడు, అంతే" అన్నాడు. కొడుకు ఆ ఆఖరి మాట అనువదించడానికి కొంచెం సమయం తీసుకున్నాడు.

మనకీ ఒక పాతకథ ఉంది. దశరథుడు శబ్దవేధి. చీకట్లో నీటిచప్పుడు విని, ఏనుగనుకుని బాణం వేశాడు. ఆ విద్యలో ఆయనకు లోపం లేదు. లక్ష్యాన్ని చూడకుండా వెయ్యకూడదన్న నిగ్రహంలో లోపం జరిగింది. ఆ క్షణపు ఫలితాన్ని ఒక రాజ్యమంతా అనుభవించింది. ఆనాడు రాజు పక్కన ఒక మనిషి నిలబడి "ప్రభూ, ఆగండి" అని ఉంటే ఎలా ఉండేదో అని ఆ సాయంత్రం అనిపించింది. ఆ మనిషి చేసే ఉద్యోగమే మావాడు కోరుకున్నది.

కాబట్టి నా మొదటి అభిప్రాయం ఇది. ఈ వృత్తిలోకి వెళ్ళాలనుకునే యువకుణ్ణి ముందుగా అడగవలసింది, తనకు డబ్బిచ్చేవాడికి ఎదురుచెప్పగలవా అని. గురి సాధనతో వస్తుంది. తెలివి పుస్తకాలతో వస్తుంది. రోజుకు ఇంతని ముట్టజెప్పి, సముద్రాలు దాటి వచ్చి, నిరాశతో చిరాకుపడుతున్న పెద్దమనిషితో, ఆఖరి రోజు పొద్దు వాలే వేళ "వద్దండీ" అనడం ఏ శిక్షణాలయంలో నేర్పుతారు? పైగా చట్టపు భారం కూడా వేటగాడిమీదే పడుతుంది. 2015లో హ్వాంగే జాతీయోద్యానం సరిహద్దు దగ్గర, పరిశోధకులు మెడకు పట్టీ కట్టిన సెసిల్ అనే సింహం చనిపోయినపుడు ప్రపంచమంతా అమెరికా క్లయింటును తిట్టింది. కాని జింబాబ్వేలో అభియోగం మోపింది వెంట ఉన్న వేటగాడిమీద. క్లయింటుమీద కేసు పెట్టబోమని అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం చెప్పింది. వేటగాడిమీది కేసును కూడా 2016లో కోర్టు కొట్టివేసింది. ఆ కేసు మంచిచెడ్డలు నేను చెప్పబోను. నిర్ణయం ఎవరిదో చట్టానికి తెలుసునని మాత్రం అంటాను.

ఇక్కడ మిత్రులు కొందరు అడగవచ్చు: అసలు ఈ వేటే నిషేధిస్తే పోలేదా అని. న్యాయమైన ప్రశ్న. మన దేశం ఆ పనే చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక రెండు దశాబ్దాలు మన దగ్గర కూడా విదేశీయులను పులివేటకు తీసుకుపోయే షికారు కంపెనీలుండేవి. 1970లో పులివేట ఆగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏటి గణనలో పులులు 1,827. 2022 అంచనాలో సగటున 3,682. ఆనాడు ఆ వృత్తి మూతపడినందుకు నాకేమీ విచారం లేదు. కెన్యా కూడా 1977లో వేటను నిషేధించింది. కాని అక్కడ ఆ తరువాత కూడా చాలా జాతుల జంతుసంఖ్య బాగా తగ్గిపోయింది. బోట్స్వానా 2014లో నిషేధించి, ఏనుగులవల్ల పంటలూ ప్రాణాలూ పోతున్నాయన్న గ్రామీణుల మొరతో 2019లో నిషేధాన్ని ఎత్తివేసింది. 2022లో ఐదు దక్షిణాఫ్రికా ప్రాంత దేశాలు కలిసి వైమానికంగా జరిపిన గణనలో ఏనుగులు సుమారు 2,27,900 అని తేలింది; అందులో సగానికి పైగా బోట్స్వానావే. రాత్రికి రాత్రి ఏడాది జొన్నపంటను ఏనుగుల మంద తొక్కి పోతే ఏమవుతుందో రాజమండ్రిలో పంకా కింద కూర్చుని నేను తీర్పు చెప్పలేను. జింబాబ్వే 1989 నుంచి క్యాంప్ ఫైర్ అనే పథకం కింద వేట ఆదాయంలో భాగాన్ని గ్రామీణ మండలాలకు ఇస్తున్నది. ఆ సొమ్ము మండలం దాటి పల్లెదాకా చేరడం లేదన్న ఫిర్యాదూ అంతే పాతది. రెండూ నిజాలే. నిషేధించాలా వద్దా అన్నది ఆ పల్లెలు తేల్చుకోవలసిన విషయం. వేట జరుగుతున్నంతకాలం పక్కన నిలబడే మనిషి ఎలాంటివాడు కావాలన్నదే నేను మాట్లాడగల విషయం.

ఆ మనిషి ఎవరు కావాలన్న దగ్గర ఇందాక చెప్పిన గోడ వస్తుంది. అడవిని చదివేది ట్రాకరు. గడ్డిపరక వంగిన తీరునుబట్టి దున్న ఎంతసేపటి క్రితం నడిచిందో, పేడ వెచ్చదనాన్నిబట్టి ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆయన. లైసెన్సు మాత్రం, ఎక్కువ సందర్భాలలో, తుపాకి కొనగలిగి, ఇంగ్లీషులో పరీక్ష రాయగలిగి, జీతం లేని శుశ్రూషకాలాన్ని ఇంటి సొమ్ముతో గడపగలిగినవాడిది. మావాడి నాన్న నాలుగు పరీక్షాంశాలలో రెండింటికి పాఠం చెప్పగల పండితుడు. కాని ఇంగ్లీషు వ్రాతపరీక్షలో కూర్చుంటే మొదటి పుట దాటలేడు. మన నల్లమలలోనూ ఇదే కథ నడిచింది. అడవి తెలిసిన చెంచులు ఎవరెవరి వేటలకో దారి చూపారు. పేరు మాత్రం తుపాకి పట్టినవాడికి దక్కింది. ఇవాళ అదే చెంచులలో కొందరు పులుల అభయారణ్యంలో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. ఆ విద్యకు ఆలస్యంగానైనా ఒక గౌరవస్థానం దొరికింది గదా అని సంతోషించవలసిందే.

అందుచేత నా రెండో అభిప్రాయం: ఈ వృత్తికి ప్రవేశద్వారం కష్టంగానే ఉండాలి, కాని ఆ కష్టం డబ్బుదీ ఇంగ్లీషుదీ కాకూడదు. పదేళ్ళు జాడ తీసినవాడికి చట్టం, జంతువుల అలవాట్లు తన భాషలో మౌఖికంగా అడిగితే పరీక్ష విలువ ఏమీ తగ్గదు. మూడోది: వేటగాడి రాబడి క్లయింటు సంతోషంమీద వేలాడకూడదు. దినభత్యం జంతువు పడినా పడకపోయినా వస్తుంది, నిజమే. కాని ఆఖరి రోజున చేతిలో పెట్టే బహుమతి, మరుసటి ఏడు మళ్ళీ పిలిపించుకోవడం, నలుగురితో మంచిమాట చెప్పడం, ఇవన్నీ జంతువు పడితేనే. "వద్దు" అన్న మాటకు ఇంత ఖరీదు పెట్టి, ఆ మాట అనలేనివాణ్ణి నిందించడం న్యాయం కాదు.

మావాడు ఆ ఏడు తుపాకుల పరీక్ష నెగ్గి, చట్టంలో తప్పాడు. మరుసటి విడతలో అదీ నెగ్గాడు. సెసిల్ గొడవ నాటికి లెర్నరుగా ఉన్నాడు. ఈ పనిలో ఉన్నానని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందనీ, మానేద్దామనుకుంటున్నాననీ ఒకనాడు వచ్చి కూర్చున్నాడు. రెండేళ్ళ క్రితమైతే ఎగిరి గంతేసేవాడిని. ఆ రోజు మాత్రం "మీ నాన్నను అడుగు" అన్నాను. 2016లో నేను స్వదేశం వచ్చేశాను. ప్రయోగపరీక్షలో ఒకసారి తప్పి, 2019లో వాడు లైసెన్సు తెచ్చుకున్నాడు. 2020లో కోవిడ్ వచ్చి క్లయింట్లెవరూ రాలేదు. బండి మరమ్మతులు చేసి పొట్ట పోసుకున్నాడు.

2021 ఆఖర్లో వాడినుంచి ఒక సందేశం వచ్చింది. పదిరోజుల వేట, దున్న కోసం. తొమ్మిదో రోజున కనబడింది. కొమ్ములు విశాలంగా ఉన్నాయట, నడినెత్తి మెత్తగా ఉందట. క్లయింటు మూడుసార్లు అడిగాడట. "బహుమతి ఇవ్వకుండా వెళ్ళిపోయాడు సార్. మళ్ళీ రాడు. ఆ నెల అద్దె అప్పు చేశాను. నాన్నతో చెబితే ఏమీ అనలేదు, మా ఆవిడతో చెప్పి కోడికూర వండించాడు" అని రాశాడు.

వేటను నేను ఇప్పటికీ ఇష్టపడను. మా పెరట్లో కోడిని కోస్తే ఇప్పటికీ గుమ్మం దాటి వెళ్ళిపోతాను. కాని బులవాయో దగ్గరి ఆ విందుకు పిలిచి ఉంటే మాత్రం, తినకపోయినా వెళ్ళి కూర్చునేవాడిని.